పాట పడని పేజీ

చవితి, పొద్దున

ఒకటో వీధి: తాగొచ్చు. రెండో వీధి: తాగొచ్చు. మూడో వీధి: వంటకి సరే, తాగడానికి వద్దు. చివరి వీధి: బట్టలు ఉతుక్కోండి, అంతే.

ఈ నాలుగు ముక్కల కోసం రోజూ తెల్లారేసరికి మంచెలపేటలో ప్రతి కుళాయి దగ్గరికీ వెళ్తాను. ఇళ్ళన్నీ మంచెల మీద, వీధులన్నీ చెక్క వంతెనలు, కింద ఉప్పునీళ్ళు. చేతిలో ఉప్పు కొలిచే మీటరు, కొంగున కట్టిన చిన్న గ్లాసు. మీటరు చెప్పాక నా నాలుక కూడా ఒప్పుకోవాలి. మీటరు అప్పుడప్పుడూ అబద్ధమాడుతుంది, నా నాలుక ఆడదు. నీళ్ళ విషయంలో మాత్రమే ఆడదని మా వదిన అచ్చియ్యమ్మ ఎగతాళి.

తిరిగొచ్చి నా పేజీలో పెడతాను. పేరు 'ఈ పూట నీళ్ళు'. జనం బిందె చంకనెత్తుకుని, పేజీలు కనిపించే గోడ మీది అద్దంలోకి ఓ చూపు చూసి, తమ వీధి ఏదో చదువుకుని పోతారు. సముద్రం పైకొచ్చినప్పటి నుంచీ ఏ పూట ఏ కుళాయిలో ఉప్పు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. తారీఖులు పోయి అందరికీ తిథులే మిగిలాయి. అమావాస్యకీ పున్నమికీ ఉప్పు పెరుగుతుందని మాత్రం పసిపిల్లలకి కూడా తెలుసు.

వదినకి కిడ్నీలు పాడయ్యాయి. "ఇంకోసారి ఉప్పునీళ్ళు తాగిందంటే నా చేతుల్లో ఉండదు, పడవ మీద పెద్దాసుపత్రికి పంపాల్సిందే" అంది మా డాక్టరమ్మ. వదిన ఉండేది మూడో వీధి. పేజీ పేరు ఊరందరిదీ గానీ, నేను రోజూ మొదట చూసేది మూడో వీధి కుళాయే.

ఇవాళ ప్రకటనల సంత నుంచి అద్దంలో కబురు: "పేజీ యజమానికి. మీ పేజీకి వేలంలో పాటలు పడటం లేదు. పున్నమి లెక్క నాటికి పాట లేని పేజీలు నిద్రపుచ్చబడతాయి."

నిద్రపుచ్చుతారట! ఉయ్యాల కూడా ఊపుతారేమో. పున్నమికే ఉప్పు ముంచుకొచ్చేది. సరిగ్గా ఆ రోజే నా పేజీ కళ్ళు మూసుకోవాలట.

పంచమి, మధ్యాహ్నం

ఒడ్డున చేపల వేలం చూసినవాళ్ళకి సంత వ్యవహారం అర్థం కావడం కష్టమేమీ కాదు. ఒక్కటే తేడా. అక్కడ చేపని చూసి పాడతారు. ఇక్కడ నేను రాసిందాన్ని ఎవడూ చూడడు, చదివేవాళ్ళని చూస్తారు. వాళ్ళ సంచిలో ఎంతుంది, నిన్న ఏం కొన్నారు, చూపు ఎంతసేపు నిలిచింది. రెప్పపాటులో వేలం అయిపోతుంది. గెలిచినవాడి ప్రకటన వచ్చి నా నాలుగు ముక్కల నెత్తిన కూర్చుంటుంది. వచ్చిన దాంట్లో సంత వాటా, అద్దం వాటా, ఎవరో పేరు కూడా తెలియని మధ్యవాళ్ళ వాటా పోగా, చేపల బుట్ట అడుగున కారే నీళ్ళంత నాకు మిగులుతుంది. పోనీ సంత వద్దు, ఊరికే రాసుకుంటానంటే కుదరదు. సంతలో లేని పేజీని అద్దం తెరవదు.

సంతలో సలహా చెప్పే గొంతు ఒకటుంది. దాన్ని పిలిచాను. తేనె పూసిన గొంతు.

"మీ పాఠకులు త్వరగా వెళ్ళిపోతున్నారు" అంది.

"నీళ్ళు పట్టుకోవాలి కదా."

"సమాధానం పైన పెట్టకండి. ముందు ఆసక్తి కలిగించండి. ఉదాహరణకి, 'మీ బిందెలో ఏముందో తెలిస్తే మీకు నిద్ర పట్టదు.' సమాధానాన్ని ఐదు ప్రకటనల తర్వాత ఇవ్వండి."

"ఈలోగా బిందె నిండిపోతుంది కదయ్యా!"

"బిందె గురించి మా దగ్గర సమాచారం లేదు" అంది తేనెగొంతు.

ఒళ్ళు మండిపోయింది. అద్దం మీద తడిగుడ్డ కప్పేశాను.

అంతలో ఖాసింబీ వచ్చింది. కాలవ అవతలి మంచెల్లో ఉంటుంది. లాంతర్లు, పొయ్యిలు ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలాగో తన పేజీలో రాస్తుంది. ఆమెకీ ఇదే కబురు పోయిన నెలలోనే వచ్చింది. ఆమె సలహా విని చూసింది కూడా. 'మీ లాంతరు మిమ్మల్ని చంపుతుందా?' అని పైన పెట్టి, వదులైన తీగ ఎలా బిగించాలో అట్టడుగున పెట్టింది.

"రెండ్రోజులు పాటలే పాటలు అక్కా. మూడో రోజు మా వీధి ముసలాయన భయపడిపోయి నిక్షేపంలాంటి లాంతరు కాలవలోకి విసిరేశాడు. అడుగుదాకా చదవలేదంట. లాంతరు బాగుచేసుకోవడం నేర్పుదామని పెట్టాను గానీ, పారేయించడానికా నేను పేజీ పెట్టింది?"

మర్నాడే మళ్ళీ మామూలుగా రాయడం మొదలుపెట్టిందట. పాటలు ఆగిపోయాయి. ఆమె పేజీకి కూడా పున్నమే గడువు.

సప్తమి, సాయంత్రం

వదినకి చెప్పకూడదనుకున్నాను. ఖాసింబీ చెప్పేసింది.

"అంటే ఏటే, జనం నీ పేజీని ఎక్కువసేపు చూడాలా? అంతేనా?" అంది వదిన.

"అంతే అనుకో."

"ఇంత మాత్రానికి మొకం అలా పెట్టుకుంటావేటే! మా రెండోవాడి పెళ్ళిలో నువ్వు ఏం చదివించావు?"

"ఇత్తడి బిందె."

"నేనింకా తిరిగి చదివించలేదు. ఈ పేటలో నీకు చదివింపులు బాకీ లేనోళ్ళు ఎవరే? అందరి పెళ్ళిళ్ళకీ ముందు పీట నీదే గదా. డబ్బులు ఎవరి దగ్గరా లేవు. చూపులు చదివిత్తాం."

నేను నవ్వాననుకోండి, ఆమె నవ్వలేదు. పొద్దెక్కకుండానే వీధి వీధికీ వంతులు వేసేసింది. బిందె నింపుకోవడం అయిపోయాక కూడా అద్దం ముందు పీట వేసుకుని కూర్చోవాలి, నా పేజీనే చూస్తూ ఉండాలి. పెళ్ళి పందిట్లో కట్నాలు చదివినట్టు వంతెన చివర నిలబడి ఆమె అరుస్తుంటే నా ఇంటికి వినపడింది.

"ఒకటో వీధి మైలపల్లివారి చదివింపులూ! పొద్దుటి పూటంతా చూపులూ!"

నేను రాసేది నాలుగు ముక్కలు. వాటిని పూటంతా ఎలా చూస్తారు? చూశారు. ముసలమ్మలు అద్దం ముందు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి 'రెండో వీధి: తాగొచ్చు' అని పైకి చదివారు.

నవమి, పొద్దున

అన్ని వీధులూ తాగొచ్చు. చివరి వీధి కూడా.

పాటలు పడ్డాయి! ఒకటీ రెండూ కాదు, వానచినుకుల్లా. అన్నీ మంచినీళ్ళ పడవల కంపెనీలవే. నీలధార అని ఒకటుంది, డబ్బాల్లో నీళ్ళు అమ్ముతుంది, ఉప్పు పెరిగిన రోజుల్లో మాకు అదే దిక్కు. దాని ప్రకటన నా పేజీ పైన నీలంగా మెరుస్తోంది. తేనెగొంతు తనంతట తానే పలకరించింది, "అభినందనలు, మీ పేజీ వెల పెరిగింది" అని.

వదిన ఇవాళ వీధిలో నడిచిన నడక చూడాలి. పెళ్ళికొడుకు తల్లి కూడా అంత దర్జాగా నడవదు.

ఏకాదశి, మధ్యాహ్నం

నీలధార పడవ వచ్చింది. డబ్బా వెల ఒకటిన్నర రెట్లు చేసేశారు. వంతెన మీద ఆడవాళ్ళందరూ పడవవాడి మీద విరుచుకుపడ్డారు.

"నా మీద అరిత్తే లాభం ఏటండీ" అన్నాడు వాడు, తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ. "మంచెలపేటలో అందరూ పగలంతా నీళ్ళ గురించే చూత్తన్నారంట. ఇక్కడ దాహం పెరిగిపోయిందని సంత మా కంపెనీకి చెప్పిందండి. పైగా ఆ నీళ్ళ పేజీ ఏదో ఉందంట గదండీ, దాని మీద ప్రకటన ఏయించుకోడానికి పాట ఆకాశానికెళ్ళిపోయిందంట. ఆ కర్చు ఎవరి మీద ఏసుకుంటారండీ? మీ మీదే గదండీ!"

ఒకరి తర్వాత ఒకరు నావైపు చూశారు. తిట్టిన వాళ్ళెవరూ లేరు, తిట్టి ఉంటేనే బాగుండేది. వాళ్ళు పీటలు వేసుకుని కూర్చుని నాకు చదివించిన చూపులన్నీ పోగేసి, వాళ్ళ బిందె మీదే వెల కట్టి తిరిగి పంపాడు వాడెవడో. నా పేజీకి పడిన ప్రతి పాటా మా వాళ్ళ గొంతుల్లోంచి వసూలయ్యేదేనని తెలియక, రెండ్రోజులు నేను మురిసిపోయాను.

వదిన ఖాళీ డబ్బా వెనక్కి తీసుకుంది. "నాకు పడవ నీళ్ళెందుకే, కుళాయి నీళ్ళు బానే ఉన్నాయి గదా, నువ్వే రాశావు" అంది తేలిగ్గా. కొనలేక అన్న మాట అది. నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

ద్వాదశి, పొద్దున

మూడో వీధి: తాగొచ్చు. చివరి వీధి: వద్దు.

చూపులు ఆపేయమని వీధి వీధికీ వెళ్ళి చెప్పాను. తర్వాత తేనెగొంతుని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. "అవి దాహంతో చూసిన చూపులు కావు. నా మీద అభిమానంతో చూశారు. మాలో చదివింపులని ఒక ఆచారం ఉంది. దాహం పెరగలేదు. నీలధారవాళ్ళకి ఆ మాట చెప్పి వెల దింపించండి."

"అంటే ఆ చూపులు కొనే ఉద్దేశంతో చూసినవి కావు."

"కావు."

"అయితే అవి దొంగ చూపులు. వాటి మీద వచ్చిన సొమ్ము నిలిపివేస్తున్నాం. విచారణ ముగిసేవరకు మీ పేజీని నిద్రపుచ్చుతున్నాం. నీటి వెల మా పరిధిలోది కాదు."

వెల పెంచేటప్పుడు పరిధిలో ఉంది, దించమంటే లేదు! చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూసిన మైలపల్లి ముసలమ్మవి దొంగ చూపులట. మనిషి సంచిలో ఎంతుందో, పక్కింటికి తెలియకుండా తడిమి చూసే నువ్వు దొరవా? అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు, అద్దం అప్పటికే చల్లబడిపోయింది.

త్రయోదశి, సాయంత్రం

నిద్రపుచ్చడమంటే పేజీ కనపడదనుకున్నాను. కనపడుతుంది. నిన్నటి ముఖంతోనే కనపడుతుంది. పైన నీలధార ప్రకటన, కింద 'మూడో వీధి: తాగొచ్చు'.

ఇవాళ తెల్లారకుండానే పోటు వచ్చింది. మూడో వీధి కుళాయిలో నీళ్ళు నాలుక మీద పెట్టుకోలేకపోయాను. ఇంటికి పరుగెత్తి అద్దంలో మార్చబోతే ఒక్క అక్షరం కదలలేదు. చెరపడానికీ వీల్లేదు. నా పేరు మీద, నా మాటల్లో, ఊరందరికీ అబద్ధం చెబుతూ కూర్చుంది నా పేజీ.

వంతెనల వెంట అరుచుకుంటూ పరుగెత్తాను. మూడో వీధిలో అరుస్తూ పోతుంటే వదిన తలుపు దగ్గరికి చేరేసరికి ఆమె గుమ్మంలో ఖాళీ గ్లాసు బోర్లిస్తోంది.

"పొద్దున్నే ఏటే ఈ గోల" అంది. తర్వాత నా ముఖం చూసి గ్లాసు వంక చూసింది. "నువ్వు రాసింది చూసే తాగానే."

"ఉప్పగా అనిపించలేదా వదినా?"

"ఈ మందులు మింగడం మొదలెట్టాక నాకు రుచి ఎక్కడేడిసింది? నీ నాలుకే గదే నా నాలుక."

మధ్యాహ్నానికి కాళ్ళు పొంగిపోయాయి. సాయంత్రానికి ఆయాసం. డాక్టరమ్మ వదినని తన దగ్గరే పడుకోబెట్టి, ఏదో సూది వేసి, రేపటికి తగ్గకపోతే పెద్దాసుపత్రికే అంది. నేను మంచం పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత కోపం నాలో ఉందని నాకే తెలియదు.

చతుర్దశి, సాయంత్రం

వదినకి ఆయాసం తగ్గింది. కాళ్ళు ఇంకా తగ్గలేదు.

విచారణ ముగిసిందట. పేజీకి మెలకువ వచ్చింది, నుదుటి మీద 'అనుమానాస్పదం' అన్న ముద్రతో. ఆ ముద్ర చూశాక ఏ కంపెనీ పాడుతుంది? రేపే పున్నమి లెక్క. పైన ప్రకటన ఉండే చోట ఒక ఖాళీ గడి, అందులో 'ఈ జాగా ఖాళీ, కనీస పాట ఇంత' అని రాసి ఉంది. ఆ అంకె వదినకి చదివి వినిపించాను.

"పక్షానికా? పూటకా?"

"పక్షానికి."

"ఉప్పు పొట్లం కన్నా చవకేటే నువ్వు!" అంది మంచం మీంచే.

ఖాసింబీ కూడా అక్కడే ఉంది. వదినకి బార్లీ జావ తెచ్చింది. ఆమె పేజీకీ అదే గడి, అదే అంకె. "ఆ మాత్రం మనమే పాడుకోవచ్చు గానీ, ఎవరి పేజీకి వాళ్ళు పాడకూడదంట అక్కా. చూశాను" అంది.

వదిన జావ గిన్నె పక్కన పెట్టింది. "ఎవరింటి పెళ్ళికి వాళ్ళే చదివించుకుంటారేటమ్మా? అది పక్కింటోళ్ళ పని. తప్పు నాదేలే. ఈళ్ళ పెళ్ళిలో చూపులు చెల్లవు, పాటే చెల్లుద్ది. తెలీక చెల్లని కట్నం చదివించాను." ఆయాసం తీర్చుకుని, ఖాసింబీకి నన్ను చూపించింది. "నువ్వు దీనికి పాడు. ఇది నీకు పాడుద్ది. ఈ పనికి మీరిద్దరూ తప్ప ఇంకెవరు కావాలే?"

ఖాసింబీ నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. అక్కడికక్కడే అద్దం ముందు కూర్చున్నాం.

పాడాలంటే కొనేవాళ్ళ గుమ్మంలోంచి వెళ్ళాలి. ఇన్నేళ్ళలో నేను ఆ గుమ్మం తొక్కలేదు. పేరు రాయగానే తేనెగొంతు మారిపోయింది.

"నమస్కారం నూకరత్నం గారూ! మా విలువైన ఖాతాదారులకు స్వాగతం!"

నాకు పేరుందని దానికి ఇన్నాళ్ళకి తెలిసింది. గారు కూడా తగిలించింది.

ఖాసింబీ పేజీ చూపించమన్నాను. తర్వాత, ఎందుకో, నాది కూడా చూపించమన్నాను. కొనేవాళ్ళకి చూపించే ముఖం వేరే ఉంటుందని అప్పుడే తెలిసింది. నా నాలుగు ముక్కలు అందులో లేవు. ఇలా ఉంది: "పాఠకులు: కొనుగోలు శక్తి లేదు. చూపు: అతి స్వల్పం. ఒకరు దీర్ఘరోగి, మందుల ప్రకటనకు పనికిరావచ్చు. సూచన: ఇంతకన్నా మంచి పాఠకులు ఉన్నారు."

ఒకరు దీర్ఘరోగి. మంచం మీద పడుకుని, నొప్పిని నవ్వుతో కప్పుకుంటున్న మా వదిన వాళ్ళకి ఆ ఒక్క ముక్క. ఆమె కాళ్ళు పొంగేలా చేసిందీ వీళ్ళే, ఆ కాళ్ళకి మందు అమ్ముకునేవాణ్ణి పిలిచేదీ వీళ్ళే. ఆ మాట వదినకి చదివి వినిపించలేదు.

"నూకరత్నం గారూ, మీరు అమ్మేది ఏమిటో చెబితే మంచి పాఠకులను చూపిస్తాను" అంది గొంతు.

"నాకు మంచి పాఠకులే ఉన్నారు" అన్నాను. "ఏమీ అమ్మను. ఖాసింబీ పేజీకి కనీస పాట నాది."

'అమ్మేది' అన్న గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. అందులో మర్నాటి నీళ్ళ కబురుకి జాగా పెట్టాను. పక్కనే ఖాసింబీ నా పేజీకి పాడి, తన గడిలో వదులైన తీగ బిగించే పద్ధతి రాసింది.

పున్నమి, పొద్దున

పాట పడింది కాబట్టి పేజీ మేలుకునే ఉంది. ఖాసింబీదీ అంతే. నిన్న సాయంత్రమే ఆమె మరో ముగ్గురికి చెప్పింది. మేకల వైద్యం రాసే ఆయన, పడవల వేళలు రాసే అమ్మాయి, చింతచిగురు పచ్చళ్ళ ముసలావిడ. ఒకళ్ళకొకళ్ళు పాడుకున్నారు.

ఇది గెలుపని నేను అనను. నా ఇంట్లో నేను మేలుకుని ఉండటానికి పక్కింటావిడ కప్పం కడుతోంది, ఆవిడకి నేను కడుతున్నాను, రెండిట్లోనూ సంత వాటా తింటోంది. నీలధార డబ్బా వెల ఒక్క మెట్టు దిగలేదు. "చిన్న పేజీల్లో పోటీ పెరిగింది, కనీస పాట పెంచవచ్చు" అని తేనెగొంతు పొద్దున్నే బెదిరించింది కూడా. పెంచుకో. చదివింపులు ఎంత పెరిగినా తిరిగి పెట్టడం మాకు కొత్త కాదు.

ఒకటో వీధి: తాగొచ్చు. రెండో వీధి: వంటకి సరే, తాగడానికి వద్దు. మూడో వీధి: వద్దు. చివరి వీధి: కుళాయి తిప్పొద్దు.

ఇది నా పేజీలోనూ పెట్టాను, ఖాసింబీ పేజీ పైన ప్రకటనలు కూర్చునే చోటా పెట్టాను. పెట్టి, మీటరు చేత్తో పట్టుకుని మూడో వీధి చివర నిలబడ్డాను. డాక్టరమ్మ పొద్దున్నే వదినని ఇంటికి పంపింది. కాళ్ళకి ఇంకా వాపు ఉంది, గోడ పట్టుకుని నడుస్తోంది. గుమ్మం ముందు కుళాయి కింద ఆమె పెట్టిన బిందె నిండింది. నేను పిలవలేదు.

ఆమె తలుపులోంచి అద్దం వైపు తల తిప్పింది. రెప్పపాటు కూడా పట్టలేదు. వెంటనే వంగి బిందె వంచి, నీళ్ళన్నీ వంతెన పక్క నుంచి కిందికి పారబోసింది.

ఆ తర్వాత నన్ను చూసి, "అలా నిలబడిపోయావేటే, ఒకటో వీధి నించి ఓ బిందె తెచ్చిపెట్టు" అంది.

తెచ్చాను.